ఆ రోజు మేమందరం మగవాళ్లమయ్యాం

నాకు అక్షరాలు వచ్చింది నలభై ఆరో ఏట. వచ్చిన రోజు నుంచి ఇంట్లో ఎవరికీ నెమ్మది లేకుండా చేశాను. గోడ మీది క్యాలెండర్, మందు గోలీల అట్ట, ఉప్పు ప్యాకెట్, పక్కింటి వాళ్ల పెళ్లి పత్రిక, ఏది చేతికి దొరికితే అది పైకి చదివేదాన్ని. ఒక్కో అక్షరం కూడబలుక్కుని నేను ఒక మాట పూర్తి చేసేలోగా వినేవాళ్లు అన్నం తిని చేయి కడుక్కునేవారు. "ఉప్పు పాకిట్ల ఉప్పే ఉంటదే! గది సదువకున్నా మాకు ఎర్కనే!" అని మా గురువమ్మ అరిచేది.

మేం ఆరుగురం. కరీంనగర్‌లో ఒక సందులో, రెండు గదుల ఇంట్లో ఉంటాం. ఊళ్లో వాళ్లు మమ్మల్ని హిజ్రాలంటారు. కాయితాల మీద ట్రాన్స్‌జెండర్ అని రాస్తారు. దుకాణాల వాళ్లు ఏమీ అనరు, మమ్మల్ని చూడగానే గల్లాపెట్టెలో చిల్లర వెతుకుతారు. ఇంటికి పెద్ద గురువమ్మ. అరవై దాటాయి, బక్క మనిషి, గొంతు మాత్రం ఊరేగింపు మైకు. ఆమె తర్వాత జైనూర్ నుంచి వచ్చిన అక్క. ఆరడుగుల ఎత్తు. మా గుమ్మానికి తల కొట్టుకుని కొట్టుకుని, ఇప్పుడు గుమ్మం లేని చోట కూడా వంగే నడుస్తుంది. సుల్తానాబాద్ వాళ్లు ఇద్దరున్నారు. ఒకే రకం చీరలు కట్టి, ఒకే మాటను ఒకరి వెనక ఒకరు అంటారు. ఇంకొకతె మా చెల్లె, ఇంటర్ పాసయ్యింది, కాబట్టి ప్రపంచంలో ఆమెకు తెలియనిది లేదు. ఆఖరుదాన్ని నేను. వయసులో కాదు, చదువులో.

నేను పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల ఇంట్లో. బడిలో నన్ను మగపిల్లల వరుసలో కూర్చోబెట్టారు. నేను మెల్లగా ఆడపిల్లల వరుసలోకి జరిగేదాన్ని. సారు చెవి పట్టుకుని మళ్లీ ఇటు తెచ్చేవాడు. ఇలా అటూ ఇటూ జరగడంలోనే నా ఒకటో తరగతి అయిపోయింది. తర్వాత బాపు నన్ను నూలు కండెలు చుట్టడానికి పెట్టాడు. కండెలకు ఆడ వరుస, మగ వరుస లేవు. నాకు అదే నయమనిపించింది.

ఆధార్ కోసం ఫోటోలు తీసిన రోజుల్లో నేనింకా ఇంట్లోనే ఉన్నాను. బాపు పోరు పడలేక మీసం పెంచాను. ఆ మీసంతోనే ఫోటో దిగాను. ఇప్పుడు ఆ కార్డు చూస్తే నాకు మా చిన్నాయన గుర్తొస్తాడు. కార్డు మీద పురుషుడు అని ఉంటుంది, నేను పెట్టుకున్న పేరు ఉండదు.

మిగతా అయిదుగురు ఎప్పుడో కార్డులు మార్పించుకున్నారు. వాళ్లు ఆఫీసుకు పోయిన రోజున నేను కడుపునొప్పి అని పడుకున్నాను. నొప్పి కడుపులో లేదు, ఫారంలో ఉంది. ఆ ఫారంలో పేరుకు ఒక గడి ఉంటుందట. ఆ పేరు నాకు అవ్వా బాపూ పెట్టింది కాదు, నాకు నేనే పెట్టుకున్నది. దాన్ని ఇంకొకరి చేత రాయించి, కింద నేను వేలిముద్ర వేయడం నా మనసుకు ఒప్పలేదు. ఆ గడిలో నా పేరు నా చేత్తో రాయాలి. నా పట్టు అదొక్కటే. అందుకే చెల్లె దగ్గర పలక పట్టాను.

తీరా నేర్చుకున్నాక గురువమ్మ అడ్డం పడింది.

"బాసరకు పోయి అక్షరాభ్యాసం జేయించుకోకుండ ఫారం ముట్టకు. గట్ల నేర్సిన అక్షరం నిలువది. రాసినా చెరిగిపోతది."

"అమ్మా, పెన్నుతోని రాసింది ఎట్ల చెరుగుతదే?" అంది చెల్లె.

"చెరుగుతదంటే చెరుగుతది. ఇంటర్ల గవన్ని జెప్పరు."

ఆ మాట మీద అయిదుగురూ బయలుదేరారు. నన్ను ఒక్కదాన్నే పంపితే పోతానని చెప్పాను, ఎవరూ వినలేదు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఆరుగురికి ఏ విషయంలోనూ పొత్తు కుదరదు. ఫ్యాను ఎంత తిరగాలన్నదాని మీద వారం రోజులు మాటలు మానుకున్న ఇల్లు మాది. చారులో వెల్లుల్లి వేయాలా వద్దా అన్నదాని మీద రెండు పొయ్యిలు పెట్టుకున్నాం. కాబట్టి ఆరుగురం కలిసి ప్రయాణమంటే నాకు భయం వేసింది. ఆ భయం నిజమే అయింది, కానీ నేను అనుకున్న దారిలో కాదు.

పొద్దున్నే కరీంనగర్ బస్టాండులో బాసర పోయే బస్సు ఆగీ ఆగకముందే జైనూర్ అక్క బయటి నుంచే కిటికీల్లో చేయి పెట్టి ఆరు సీట్ల మీద ఆరు దస్తీలు వేసింది. ఆడవాళ్లకు టికెట్ లేకుండా చేసినప్పటి నుంచి బస్సుల్లో దస్తీ వేయనిదే సీటు దొరకదు. కండక్టరు జీరో టికెట్ అని ఒక చీటీ ఇస్తుంది, అంతే. మావాళ్లకూ అదే చీటీ, కార్డు చూపిస్తే చాలు.

మేం ముందు సీట్లలో కూర్చున్నాం. నా పక్కన ఒక ముసలమ్మ, ఆమె ఒడిలో మనుమడు. మా గురువమ్మను చూడగానే ఒకాయన అలవాటు కొద్దీ జేబులోంచి పది రూపాయల నోటు తీసి చాచాడు. "నేనియ్యాల ప్యాసింజర్ని!" అని ఆమె ఉరిమింది. ఆయన నోటు వెనక్కి తీసుకోబోయాడు. "ఇచ్చింది ఎనుకకు తీస్కోవద్దు బిడ్డా, పాపం" అని నోటు అందుకుని ఆయన తల మీద చేయి పెట్టింది.

ముసలమ్మ నన్ను అడిగింది. "మనుమనికి అక్షరాభ్యాసం జేయిస్తున్న. వీని బాపు మస్కట్ల ఉన్నడు, ఫోన్ల జూస్తనన్నడు. నువ్వెవలికి జేయిస్తున్నవు బిడ్డా?"

"నాకే."

"నీకా!" ఆమె నవ్వితే ముక్కుపుడక ఊగింది. ఆ నవ్వులో చెడు లేదు. నవ్వి, నవ్వి, సంచిలోంచి ఒక బలపం తీసింది. "రెండు తెచ్చిన. వీడు ఒకటి తింటడని. ఇగో, ఒకటి నీది."

గంగాధర దాటాక కండక్టరమ్మ వచ్చింది. నా వాళ్లకు అయిదు జీరో టికెట్లు కొట్టింది. నా కార్డు చూసింది. నా ముఖం చూసింది. మళ్లీ కార్డు చూసింది.

"గీయన ఎవరు?"

"నేనే."

"పురుషుడు అని ఉన్నది గదమ్మా. టికెట్ తీస్కోవాలె."

నాకు ఏ ఇబ్బందీ అనిపించలేదు. ఇంతకు ముందు కూడా తీసుకున్నాను, ఎప్పుడూ ఒక్కదాన్నే ప్రయాణం చేసేదాన్ని కాబట్టి ఎవరికీ తెలియదు. కొంగు ముడి విప్పి డబ్బులు తీశాను. ముందు సీటు నుంచి చెల్లె నా మణికట్టు పట్టుకుంది.

"అక్కా, గా టికెట్ తీస్కుంటే నువ్వు మొగోనివని ఒప్పుకున్నట్టే."

"పోనియ్యే. బాసర్ల దిగంగనే మళ్ల ఆడిదాన్నైత."

"నువ్వైతవు. మా సంగతేంది?"

ఇది నాకు అర్థం కాలేదు. నా టికెట్‌కూ వాళ్లకూ ఏం సంబంధం? వాళ్ల కార్డులు సరిగ్గా ఉన్నాయి, చీటీలు చేతిలో ఉన్నాయి. గురువమ్మ మాత్రం అప్పటికే లేచి నిలబడింది.

"ఓ కండక్టరమ్మా! అది మొగోడైతే, దాంతోని పదేండ్ల సంది ఒక్క సాప మీద పన్న మేమందరం మొగోళ్లమే. గీ జీరోలు మాకొద్దు, ఎనుకకు తీస్కో. మాకు గూడ మొగ టికెట్ కొట్టు."

"మొగ టికెట్ అని ఉండదమ్మా! టికెట్ అంటే టికెటే!"

"గదే కొట్టు."

"మీకు ఫ్రీ ఉన్నది గదా!"

"ఫ్రీ మాకొద్దు."

"మాకొద్దు," "మాకొద్దు," అన్నారు సుల్తానాబాద్ వాళ్లు, ఒకరి వెనక ఒకరు.

వెల్లుల్లి మీద ఒక్కమాట కానివాళ్లు అయిదుగురూ ఒక్కసారే లేచారు. కండక్టరమ్మ చేతిలో అయిదు చీటీలు పెట్టారు. అంతటితో ఆగితే బాగుండేది. కానీ చెల్లెకు చదువుంది కదా, ఆలోచన వచ్చింది. "మొగ టికెట్ తీస్కున్నోళ్లు ఆడోళ్ల సీట్ల కూసోవద్దు. పాండ్రి ఎనుకకు."

బస్సంతా ఆడవాళ్లే. మగవాళ్లకు మిగిలింది వెనక పొడుగు సీటు ఒక్కటి. జైనూర్ అక్క కొంగు తీసి తలకు రుమాలు చుట్టుకుంది, గొంతు పాతాళంలోకి దించింది. "అరె బాబా, జర బాజూకు జరుగుర్రి" అని ఇద్దరు మగవాళ్ల మధ్యలో కూలబడి, మోకాళ్లు అటొకటి ఇటొకటి చాపింది. ఆ మోకాళ్లకు ఇద్దరూ లేచి నిలబడ్డారు. గురువమ్మ లేని మీసం మెలితిప్పి ఒకాయన భుజం మీద చేయి వేసింది. "ఏం బావా, పొలం నాటు అయిందా?" ఆయనా లేచాడు. సుల్తానాబాద్ వాళ్లు ఏమీ చేయలేదు, ఊరికే గట్టిగా దగ్గారు, ఒకరి వెనక ఒకరు. ఇంకా ఇద్దరు లేచారు.

లేచిన వాళ్లలో ఒకతను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫైలు పట్టుకుని ఉన్నాడు. నిజామాబాద్‌లో దుబాయి కంపెనీ ఇంటర్వ్యూకు పోతున్నాడట. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"అక్కా, గీ ఎనుక సీటొక్కటే మాకు మిగిలింది. గిది గూడ గుంజుకుంటే మేమేడ కూసోవాలె?"

"అక్క ఎవరురా? అన్న అను," అంది జైనూర్ అక్క.

"గందుకే తమ్మీ మేం గూడ మొగోళ్లమైనం," అంది చెల్లె. "మీ కష్టం జర మాకు గూడ ఎర్కగావాలె గదా."

ముందున్న ఆడవాళ్లు విరగబడి నవ్వారు. ఆ నవ్వు విని మావాళ్లు ఉత్సాహం పట్టలేక చప్పట్లు కొట్టారు. మా చప్పట్లు మీరు వినే ఉంటారు. అరచేయి మీద అరచేయి, వేళ్లు అంటవు, పలక పగిలినట్టు మోగుతుంది. బస్సులో దిగేవాళ్లు రేకు మీద కొట్టే చప్పుడులాగే ఉంటుంది. డ్రైవర్ బ్రేకు వేశాడు.

"ఎవలు దిగేది?"

ఎవరూ దిగరు. బస్సు కదిలింది. మావాళ్లకు అది చూసి మరింత నవ్వొచ్చి మళ్లీ చప్పట్లు కొట్టారు. బస్సు మళ్లీ ఆగింది. జగిత్యాల చేరేలోగా నాలుగుసార్లు ఎవరూ లేని పొలాల దగ్గర ఆగాం.

ఇంత జరుగుతుంటే నేనెక్కడ ఉన్నాను? ముందు సీట్లో, ఆడవాళ్ల మధ్యలో, ముసలమ్మ పక్కనే ఉన్నాను. కార్డు మీద మీసమున్నది నాకొక్కదానికే, ఆడవాళ్ల సీటులో కూర్చున్నదీ నేనొక్కదాన్నే. సరైన కార్డులున్న అయిదుగురు వెనక మగవాళ్లయి కూర్చున్నారు. నాకు సిగ్గుతో చెవులు కాలుతున్నాయి. లేచి వెనక్కి పోబోయాను. ముసలమ్మ నా చీర కుచ్చిళ్లు పట్టి కూర్చోబెట్టింది. "నువ్వేడికి పోతవు? నువ్వు లేస్తే ఇంకోతి కూసుంటది. ఆమె ఎట్లుంటదో ఏమో!"

నిజం చెప్తాను. జగిత్యాలలో దిగి ఇంటికి పోదామనిపించింది. అక్షరం లేకుండానే ఇన్నేళ్లు బతికాను. ఒక పేరు రాయడానికి ఇంత గొడవ అవసరమా? మీసం కార్డుతోనే కాలం గడిచిపోతుంది. చేతిలో బలపం ఉంది. దాన్ని ముసలమ్మకు తిరిగిచ్చేద్దామని కూడా చేయి చాపాను. ఆ మనుమడు తనకే అనుకుని నోరు తెరిచాడు. చప్పున వెనక్కి తీసుకున్నాను.

వెనక మగవాళ్లు రాయబారం నడిపారు. ఇస్త్రీ చొక్కా అతను కండక్టరమ్మ దగ్గరికి వచ్చాడు. "మేడం, గా అక్కకు జీరో కొట్టుర్రి, మీ కాళ్లు మొక్కుత. లేదంటే ఆమె టికెట్ పైసలు మేమే ఇస్తం. జర ఆళ్లను ముందుకు పంపుర్రి."

"ముచ్చట పైసలది కాదు!" అని వెనక నుంచి అయిదు గొంతులు.

కండక్టరమ్మ నా సీటు అంచున కూలబడింది. చిన్న వయసు మనిషి. చెమటకు బొట్టు కారింది. మెల్లగా అంది. "అక్కా, మీ బాధ నాకు ఎర్కగాక కాదు. నడుమల చెకింగోళ్లు ఎక్కి గీ మీసం ఫోటో జూస్తే నా నౌకరీ మీదికొస్తది. ఇద్దరు పిల్లలు నాకు."

ఆమె మాటా నిజమే. నేను డబ్బులిచ్చాను, టికెట్ తీసుకున్నాను. వెనకకు చూసి చెప్పాను, "అయిపోయింది, ఇగ రాండ్రి" అని. రాలేదు. "నీకు కొట్టిందా? ఇగ మాకు గూడ కొట్టుమను" అని అయిదుగురూ తలా ఒక టికెట్ కొన్నారు. బస్సు నిండా ఆడవాళ్లు, అందరివీ జీరోలు. డబ్బులిచ్చి కొన్నది ఆరుగురం మేమూ, నిలబడ్డ మగవాళ్లూ.

ముసలమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఏం సమ్మెనే తల్లీ మీది! పైసలిచ్చి సమ్మె జేసుడు నేనేడ జూడలే."

నేను వెనక్కి తిరిగి వాళ్లను చూశాను. గురువమ్మకు ఆ గతుకుల సీటులో నడుం నొప్పి వచ్చి ముఖం వంకరపోయింది. అయినా మీసం మీద చేయి తీయలేదు. అప్పుడు నాకు చెల్లె మాట అర్థమైంది. ఆ కండక్టరమ్మ గీసిన గీతకు అవతల నేనొక్కదాన్నే ఉంటే, ఇవతల ఉన్నందుకు వాళ్లకు నిమ్మళం లేదు. రేపు ఇంకో కార్డులో ఇంకేదో తప్పుంటుంది, గీత ఇంకొకరి ముందు పడుతుంది. ఇంట్లో ఫ్యాను కోసం కొట్టుకున్నా, బయటివాళ్లు ఒకరిని వేరు చేసి చూపిస్తే మేం ఆరుగురం ఒక్క చాపే. ఇదంతా నేను ఆ సీట్లో కూర్చుని ఆలోచించలేదు, తర్వాత ఆలోచించాను. అప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది, ఆపుకోవడానికి పైన రాసి ఉన్న బోర్డు చదివాను. "స్త్రీ... ల... కు." ముసలమ్మ "శభాష్" అంది.

సమ్మెకు అసలు కష్టం ఆర్మూర్‌లో వచ్చింది. బస్సు పది నిమిషాలు ఆగింది. అయిదుగురూ పరుగున దిగి, పాయఖానా ముందు టక్కున ఆగిపోయారు. అటు ఆడవాళ్లది, ఇటు మగవాళ్లది. గురువమ్మ రెండు కాళ్లు మెలిపెట్టి నిలబడింది.

"సమ్మె అంటే సమ్మె. మొగోళ్లమైనంక ఆడోళ్ల దాంట్లకు పోవద్దు."

"మొగోళ్ల దాంట్లకు నేను సచ్చినా పోను," అంది జైనూర్ అక్క. "బస్ ఝాలం! ఇగ నాతోని కాదు!" జైనూర్ మహారాష్ట్ర పక్కనే అయినా, మరాఠీ ఆమెకు కోపంలోనూ అవసరంలోనూ మాత్రమే వస్తుంది.

చెల్లె వాచీ చూసుకుంది. "ఏ సమ్మెకైనా ఇంటర్వెల్ ఉంటది. పది నిమిషాలు ఆడోళ్లం. ఉరుకుండ్రి!"

ముసలమ్మ మనుమణ్ని చంకనేసుకుని తలుపు దగ్గర కాపలా నిలబడింది. ఎవరో ఆడమనిషి మావాళ్లను చూసి నసిగితే, "గాళ్లు ఇంటర్వెల్ల ఉన్నరు, నువ్వు జరాగు" అని ఆపింది. బయటకు రాగానే జైనూర్ అక్క మళ్లీ రుమాలు చుట్టుకుంది.

నిజామాబాద్‌లో ఇస్త్రీ చొక్కా అతను దిగుతుంటే గురువమ్మ పిలిచి అతని ఫైలు మీద చేయి పెట్టి దీవించింది. పొద్దున వచ్చిన పది రూపాయల నోటు అతని జేబులో పెట్టింది. "చాయ్ తాగు. నిలవడి నిలవడి నీ సొక్క నలిగింది."

బాసరలో గోదావరిలో కాళ్లు కడుక్కుని గుడికి పోయాం. అక్షరాభ్యాసం దగ్గర వరుసగా పిల్లలు, తల్లిదండ్రుల ఒళ్లో. ఒకడు ఏడుస్తున్నాడు, ఒకతె పలక నాకుతోంది, ముసలమ్మ మనుమడు బలపం మింగే పనిలో ఉన్నాడు. మధ్యలో నేను. అయ్యగారు నన్ను చూసి, నా వెనక చూశాడు, పిల్లవాడు ఎక్కడ అన్నట్టు.

"నేనే అయ్యగారూ."

ఆయన నవ్వాడు. "మంచిది. చదువుకు వయసేముంది! వెంట ఎవరున్నరు తల్లీ?"

గురువమ్మ టక్కున మఠం వేసుకుని కూర్చుంది. "నేను అవ్వను."

జైనూర్ అక్క పక్కన చేరింది. "నేను బాపును. పొద్దటి సంది మొగోణ్నే గదా, ఇంకో గంట ఏమైతది?"

నన్ను ఇద్దరి మోకాళ్ల మీద కూర్చోబెట్టుకున్నారు. బక్క గురువమ్మ మోకాలు టప్పుమంది. "ఎంత తిన్నవే ఇన్నేండ్లు!" అని పళ్లు బిగబట్టి గొణిగింది, కానీ దించలేదు. అయ్యగారు నా చేయి పట్టుకుని పలక మీద రాయించాడు. నాకు ఆ అక్షరాలు ముందే వచ్చు. అయినా రానట్టే చేయి వదులుగా పెట్టాను. ఒకరు చేయి పట్టి రాయించడం ఎలా ఉంటుందో ఒక్కసారి తెలుసుకుందామని. నుదుటి మీద పసుపు పెట్టగానే మావాళ్లు పట్టలేక చప్పట్లు కొట్టారు. పిల్లలందరూ ఏడుపు ఆపారు. తర్వాత ఒక్కొక్కరే, చిన్నచిన్న చేతులతో వాళ్లూ మొదలుపెట్టారు.

తర్వాతి వారం ఫారం నింపాను. మధ్యాహ్నమంతా పట్టింది. అయిదుగురూ చుట్టూ కూర్చుని, గడి దాటుతోందని ఒకరు, పెన్ను తప్పు పట్టావని ఒకరు, ఫ్యాను ఆపితే కాయితం ఎగరదని ఒకరు. ఫ్యాను దగ్గర మళ్లీ జగడం. వాళ్లు అరుచుకుంటుండగానే నా పేరు రాసేశాను. ఎవరూ చూడలేదు. రాసిన దాని మీద గురువమ్మ వేలితో రుద్ది చూసింది. చెరగలేదు.

కొత్త కార్డు వచ్చాక ఆరుగురం సుల్తానాబాద్‌లో ఒక దుకాణం పూజకు బయలుదేరాం. నేను మంచి చీర కట్టుకుని, కార్డును కొంగులో కాక చేతిలో పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. ఇంకెవరో కండక్టరమ్మ వచ్చింది. నా ముఖం చూసింది, మిషన్ నొక్కింది, జీరో టికెట్ చించి నా చేతిలో పెట్టి ముందుకు పోయింది.

"అమ్మా, కార్డు జూడు!"

"ఎందుకమ్మా? నువ్వు కనవడ్తలేవా?"

"నాకోసం జూడమ్మా. జర."

ఆమె వెనక్కి వచ్చి కార్డు తీసుకుంది. నేను దాన్ని మళ్లీ లాక్కున్నాను. లేచి నిలబడి, మీద రాసి ఉన్న నా పేరును ఒక్కో అక్షరం పట్టుకుని బస్సులో అందరికీ వినబడేలా పైకి చదివాను. తప్పు పోలేదు. వెనక నుంచి అయిదు జతల చేతులు చప్పట్లు కొట్టాయి.

డ్రైవర్ బస్సు ఆపాడు.